మహాదర్పణం
షికాగో నగరపు మిలీనియం పార్కులో చూచిన ‘క్లౌడ్ గేట్’ శిల్పానికి ముఖం లేదు, అవయవాలు లేవు, ధ్యానశ్లోకం అసలే లేదు. అందుచేత అది శిల్పమే కాదనే ఆక్షేపణతో నేను ఏకీభవించను. ముంబయిలో జన్మించిన అనీష్ కపూర్ 168 ఉక్కు ఫలకాలను అతుకు కానరాకుండా కూర్చి రూపొందించిన మహాదర్పణమది. దాని వక్రతలంలో ఆకాశహర్మ్యాలు వంగిపోతాయి. అడుగుభాగాన నాభివంటి కుహరంలో ఒక్క మనిషే అనేకుడై సాగుతాడు, కుంచించుకుపోతాడు. వికారమంతా ఉపాధిది; బింబం నిర్వికారం. ప్రతిబింబవాదానికి ఇంతకంటె సులభమైన దృష్టాంతం వేదాంతపాఠంలో దొరకడం కష్టం.

అలాగని లింగమని భావించి చేతులు జోడించనక్కరలేదు. అక్కడ ఆవాహన జరగలేదు. దేవాలయంలో దర్పణాన్ని స్వామికి చూపుతాం. ఇక్కడ ఎవరికి వారే చూపుకుంటున్నారు, సెల్ఫీలతో సహా. పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు ఆ కుహరం క్రింద కాసేపు నిలిపి, “వీటిలో నీవెవరు?” అని అడిగి చూడండి.