వెయిటేజీ లేని ఆటకట్టు

చదరంగం నేర్పే చోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "అది ఆటలో ఎప్పుడో గానీ రాదు, వదిలెయ్." అలా వదిలేసే వాటిలో అందరికంటే ముందుండేది శకటు-గుర్రం మేట్. శకటు అంటే బిషప్పే. అవతలివాడికి ఒంటరి రాజు మిగిలాడు, మనకి రాజుతో పాటు ఒక శకటు, ఒక గుర్రం ఉన్నాయి. ముక్క పోగొట్టుకోకుండా సరిగ్గా ఆడితే, ఎంత చెడ్డ చోట మొదలెట్టినా 33 ఎత్తుల్లో కట్టెయ్యొచ్చు. ఏ ముక్కా చావకుండా, బంటు కదలకుండా 50 ఎత్తులు గడిస్తే మాత్రం డ్రా. చాలామందికి అదే అవుతుంది.

వదిలెయ్యమనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. అమెరికన్ రచయిత జెరెమీ సిల్మన్ 2007లో వచ్చిన తన ఎండ్‌గేమ్ పుస్తకంలో ఈ మేట్‌ని కావాలనే చేర్చలేదు. తన ఆటజీవితంలో అది ఒక్కసారే ఎదురైందట. ఎప్పుడో ఒకటి రెండుసార్లు వచ్చేదాని కోసం అన్ని గంటలు ఎందుకన్నది ఆయన వాదన. సిల్మన్ గొప్ప టీచర్, ఆయన పుస్తకం చదివి బాగుపడ్డవాళ్ళు బోలెడంతమంది. అయినా సరే, ఈ ఒక్క విషయంలో ఆయన వాదన తప్పు. మనలాంటి చోట అది ప్రమాదం కూడా.

ఎందుకంటే ఈ వాదన మనకి బాగా పరిచయం. "ఈ చాప్టర్‌కి వెయిటేజీ లేదు, వదిలెయ్" అని ఇంటర్ రెండేళ్ళూ వింటూ పెరిగినవాళ్ళం. ఇంపార్టెంట్ క్వశ్చన్స్ జిరాక్సులు చదివి పాసైనవాళ్ళం. ఇప్పుడు హంపి 2024 చివర్లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2800 రేటింగ్ దాటాడు. పిల్లల్ని చదరంగంలో చేర్చాలన్న ఉత్సాహం ఇళ్ళల్లో బాగానే ఉంది. మంచిదే. కానీ ఆ ఉత్సాహంతో పాటు మన వెయిటేజీ రోగం కూడా బోర్డు దగ్గరికొచ్చి కూర్చుంటే? పది ఓపెనింగ్ ట్రాపులు బట్టీ పట్టు, ఎండ్‌గేమ్ తర్వాత చూద్దాం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఈ మేట్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే సమాధానం కూడా నాకు నచ్చదు. వాళ్ళు 2013 జెనీవా గ్రాండ్‌ప్రీని చూపిస్తారు. అప్పటి మహిళా ప్రపంచ ఛాంపియన్ అన్నా ఉషెనినా ఓల్గా గిర్యా మీద సరిగ్గా ఈ స్థితికి చేరింది. కట్టలేకపోయింది. 50 ఎత్తులు అయిపోయాయి, డ్రా. "చూశారా, నేర్చుకోకపోతే అరపాయింటు పోతుంది" అంటారు. దీనికి అవతలివాళ్ళు ఒక్క ముక్కలో జవాబివ్వగలరు: అది రాకపోయినా ఆవిడ ప్రపంచ ఛాంపియన్ అయింది కదా! నిజమే మరి. "ఏమో, పరీక్షకి రావచ్చు" అనేదీ వెయిటేజీ లెక్కే. అరపాయింటు కోసమే అయితే సిల్మన్ చెప్పిందే రైటు. ఆ గంటలు ఏనుగుల ఎండ్‌గేమ్ మీద పెట్టడమే మేలు.

నేను ఇంకో కారణంతో నేర్చుకోమంటాను. ఆటలో ముక్కలు కలిసి పనిచెయ్యడం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకోటి లేదు.

మీ శకటు తెల్ల గళ్ళది అనుకోండి. బలవంతంగా మేట్ చెయ్యగలిగేది తెల్ల మూలలోనే. ఆ సంగతి తెలిసిన అవతలి రాజు నల్ల మూలకి పోయి నక్కుతాడు. అక్కణ్ణించి అంచు వెంబడే రెండో మూలదాకా తోలుకెళ్ళాలి. గుర్రం ఎఫ్7, ఈ5, డి7, సి5, బి7 గళ్ళ మీదుగా నడుస్తుంది. గీత గీస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం. మధ్యలో ఒకచోట అవతలి రాజు డి8 నుంచి సి7లోకి జారుకుంటాడు. అంచు వదిలి బయటపడ్డాడు! పట్టు జారిపోయిందనే అనిపిస్తుంది. మన రాజు ఈ6లో ఉన్నాడు, గుర్రం డి7కి వెళ్తుంది, అతను బి7కి. ఇప్పుడు ఈ4లో శకటు పెట్టి చెక్ ఇచ్చే వీలుంది. పద్ధతి ఎరిగినవాడు ఇవ్వడు. శకటుని చప్పుడు చెయ్యకుండా డి3లో పెడతాడు. చెక్ లేదు, బెదిరింపు లేదు. దారులు మాత్రం మూసుకుపోయాయి. అతను కాసేపు తచ్చాడి మళ్ళీ అంచుకే వస్తాడు.

పారిపోనిచ్చినట్టు కనిపిస్తూ పట్టుకోవడం, చెక్ ఇవ్వాలన్న దురదని ఆపుకోవడం. ఈ రెండూ ప్రతి ఆటలోనూ పనికొస్తాయి. మేట్ అరుదే గానీ అది నేర్పే పాఠం అరుదు కాదు. ఛందస్సు సంగతి కూడా ఇంతే కదా. ఇవాళ కందం రాసేవాళ్ళు ఎందరు? కానీ కందం కట్టడం వచ్చినవాడి వచనంలో మాట ఎక్కడ ఆగాలో చెవికి తెలుస్తుంది.

దీనికంటే అరుదైనది ఇంకోటుంది. రెండు గుర్రాలతో ఒంటరి రాజుని బలవంతంగా కట్టలేం, స్టేల్‌మేట్ అడ్డొస్తుంది. అదే అతనికి ఒక బంటు కూడా ఉంటే కొన్నిసార్లు కట్టొచ్చు! ఒక గుర్రం బంటుని ఆపి నిలబడుతుంది, మన రాజు, రెండో గుర్రం కలిసి అతన్ని మూలకి నెడతాయి. చివర్లో ఆపిన గుర్రం కూడా మేట్ కోసం బయల్దేరుతుంది. బంటుకి కదలిక ఉంది కాబట్టి స్టేల్‌మేట్ లేదు. ఉన్న ఒక్క ఆస్తీ మెడకి చుట్టుకుంటుంది. ఆ బంటు ఎంతవరకు వచ్చి ఆగితే గెలుపో లెక్కగట్టినవాడు అలెక్సీ ట్రోయిట్‌స్కీ. అడవుల్లో ఉద్యోగం చేసిన రష్యన్. 1942లో, లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. తర్వాత కంప్యూటర్లు సరిచూస్తే ఆయన లెక్క చాలావరకు నిలిచింది. ఆ గెలుపుల్లో కొన్నిటికి 115 ఎత్తులు దాకా కావాలి, 50 ఎత్తుల నియమం ముందు టోర్నమెంటులో చెల్లవు. ఆయన పనికి వెయిటేజీ ఎంత వేస్తారు?

"ఇప్పుడన్నీ కంప్యూటర్‌కి తెలుసు కదా" అనొచ్చు. తెలుసు. 2012లో మాస్కోలో ఏడు ముక్కల స్థితులన్నీ లెక్కగట్టేశారు. అందులో 549 ఎత్తుల మేట్ ఉంది. ఆ ఎత్తుల్లో చాలావాటికి కారణం గ్రాండ్‌మాస్టర్లు కూడా చెప్పలేరు. శకటు-గుర్రం మేట్ అలాంటిది కాదు. కష్టమే, కానీ మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తుదాకా ప్రతిదీ ఎందుకో ఒక మనిషి బుర్రలో పడుతుంది. ఏదైనా ఒక కష్టమైన విషయాన్ని పూర్తిగా తెలుసుకోవడం ఎలా ఉంటుందో పదేళ్ళ పిల్లకి రెండు మూడు ఆదివారాల్లో రుచి చూపించొచ్చు.

మొదటి నెలలోనే నేర్పమనడం లేదు. ఏనుగుతో కట్టడం వచ్చాక, బంటు ఎండ్‌గేములు అయ్యాక నేర్పండి. కానీ ఆ పిల్ల "ఇది ఆటలో వస్తుందా సార్?" అని అడిగితే నిజమే చెప్పండి. "రాకపోవచ్చమ్మా. ముక్కలు పెట్టు."