పాచీ, చిట్టెలుకా

బరంపురంలో ముసురు పట్టిందంటే పాత సున్నపు గోడలకు పాచి, పెట్టెల వెనుక చిట్టెలుక. గృహిణులకు రెండూ శత్రువులే. మేము మాత్రం రెంటినీ ఒకే గాటను కట్టము.

పాచికి వేళ్ళు లేవు. నూగువంటి పోగులతో గోడను పట్టుకుని వుంటుంది, అంతే. పువ్వూ లేదు, గింజా లేదు. ధూళివంటి సిద్ధబీజాలు గాలికి పోయి మొలకెత్తుతాయి. ఎండకు చచ్చినట్లు పడివుండి, తొలి చినుకుకు లేచి కూర్చుంటుంది. గోడకు చెమ్మ తెచ్చేది అది కాదు, చెమ్మ వున్నదని చెప్పేది. సున్నం కొట్టి వూరుకోక, చూరు ఎక్కడ కారుతున్నదో చూడండి.

అల్పమైనదనుకోకండి సుమా! 2002లో చిట్టెలుకకూ, 2008లో ఒక జాతి పాచికీ జన్యుపటాలు వెలువడినవి. ఇప్పటి లెక్కకు ఎలుక జన్యువులు సుమారు 22 వేలు. పాచివి 30 వేలు దాటినవి. మా తోటి గుమాస్తా ఈ మాట విని, మళ్ళీ కూడి చూడమన్నారు.

ఎలుక ముందుపళ్ళు బ్రతికినన్నాళ్ళూ పెరుగుతూనే వుంటాయి, కొరకక తప్పదు. మూడు వారాల చూలు, ఈతకు అయిదారు పిల్లలు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరక పూర్వం మన తాతలు కొన్న మదరాసు అచ్చు పుస్తకాలు, తెలుగున వ్రాయించిన దస్తావేజులు ఎన్ని ఇళ్ళ అటకలమీద లేవు? కొరికిపోతే వాటిని మళ్ళీ వ్రాసేదెవరు? గోనెసంచి విప్పి రేకుపెట్టెలో పెట్టండి. మూత బిగువుగా వుండాలి. చిటికెనవేలు పట్టే సందు చాలు దానికి. ఎండ కాసిననాడు తీసి ఆరబెట్టండి, లేకుంటే పెట్టెలోనూ చెమ్మే.