ఆట వాళ్ళకి, దిద్దుడు మనకి
(చదువు – వెలి : 6వ భాగం)

ఇంగ్లీషు మీడియం గొడవ నడిచినప్పుడు మనం ఒక్కటే ప్రశ్న అడిగాం. మీ పిల్లలకి ఇంగ్లీషూ, మా పిల్లలకి మాతృభాషానా? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం అనగానే తెలుగుతల్లికి ఏదో అయిపోయిందని ఏడ్చిన పెద్దమనుషుల్ని, మీ మనవళ్ళు ఎక్కడ చదువుతున్నారండీ అని అడిగితే ఒక్కరూ నోరెత్తలేదు. ఇప్పుడు అదే ఆట మూడేళ్ళ పిల్లల దగ్గర నడుస్తోంది. ఈసారి మనవాళ్ళే పట్టించుకోవడం లేదు, అదీ నా బాధ.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో డబ్బున్న కాలనీల్లోకి వెళ్ళి ప్లేస్కూళ్ళు చూడండి. పలక ఉండదు, హోంవర్కు ఉండదు, ర్యాంకు ఉండదు. ఇసుక, నీళ్ళు, బంకమన్ను, చెక్కముక్కలు, బొమ్మల పుస్తకాలు. పిల్లాడు మట్టి పూసుకుని ఇంటికొస్తే తల్లి మురిసిపోయి ఫొటో పెడుతుంది. దానికి ఏడాదికి లక్ష రూపాయలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

అదే మన పల్లె పక్క సందులో రేకుల షెడ్డు కాన్వెంటు చూడండి. మూడేళ్ళ బిడ్డకి టై, బెల్టు, నాలుగు గీతల పుస్తకం. ఏబీసీడీ పదిసార్లు రాసుకు రావాలి. రాయకపోతే స్కేలు దెబ్బ. మన బిడ్డ మట్టిలో ఆడితే "మురికి పిల్లలు". వాళ్ళ బిడ్డ ఆడితే "సెన్సరీ యాక్టివిటీ".

దీనికి మనలోంచే ఒక జవాబు వస్తుంది. "అన్నా, ఆడుకోవడానికి డబ్బులు కట్టి బడికి పంపాలా? ఆటలు మనవాళ్ళకి వీధిలో దొరుకుతాయి. దొరకనిది అక్షరం. అది ముందు పడనియ్యి." ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. అక్షరం చెవిన పడితేనే నేరమన్న దేశంలో, కూలికెళ్ళే తల్లి తన బిడ్డ వంద దాకా అంకెలు చదువుతుంటే విని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అజ్ఞానం కాదు. ఆ తల్లిని చూసి నవ్వే "ప్రోగ్రెసివ్ పేరెంటింగ్" మిత్రులతో నాకు ఏ స్నేహమూ లేదు.

కానీ ఆ జవాబులో ఒక అబద్ధం ఉంది. ఆటలు మనకి వీధిలో దొరికాయా? మన తాతలకి ఆ వయసులో దొరికింది దొర గేదెల వెనక నడక. ఎనిమిదేళ్ళకి జీతానికి కుదిర్చిన పిల్లాడికి, చెల్లిని చంకనేసుకుని కళ్ళం దగ్గర నిలబడిన పిల్లకి బాల్యం ఎక్కడిది? అక్షరంతో పాటు ఆటని కూడా లాక్కున్నారు. అక్షరం సంగతి మనకి గుర్తుంది, ఆట సంగతి మరిచిపోయాం.

పైగా ఈ రెంటికీ తగాదా ఏమీ లేదు. మూడేళ్ళ బిడ్డ వేళ్ళకి పెన్సిలు పట్టే సత్తువ ఇంకా రాదు. పిండి పిసికి, చింతపిక్కలు ఏరి, మన్నుతో బండి చేసి ఆ చేయి తయారవుతుంది. వామనగుంటలు ఆడే పిల్ల ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతూ, ఎక్కడ అయిపోతుందో ముందే లెక్క కడుతుంది. అది గణితం కాక మరేమిటి? నోటితో వంద దాకా వల్లించే పిల్లాడిని ఏడు గింజలు తీసి ఇవ్వమనండి, చాలామంది తడబడతారు. అంకె పేరు వచ్చింది, అంకె రాలేదు. కథ విన్న పిల్ల, ప్రశ్నలడిగిన పిల్ల, పెద్దవాళ్ళు తనతో మాట్లాడిన పిల్ల చదవడం త్వరగా పట్టుకుంటుంది. కిందటి తరం దాకా మనింట్లో పుస్తకం లేదు కాబట్టి ఆ మాటలు, కథలు మన పిల్లలకి బడిలో ఇంకా ఎక్కువ కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చిన పాఠ్య ప్రణాళిక కూడా ఆట ద్వారానే నేర్పాలంటోంది. రాసింది వాళ్ళే, మన సందుల్లో ఎవరూ అమలు చేయరు.

అసలు ఈ పద్ధతి ఎవరిదో కాస్త చెప్పుకోవాలి. ఇప్పుడు మాంటిస్సోరి అంటే గేటెడ్ కమ్యూనిటీ. 1907లో మరియా మాంటిస్సోరి మొదటి బడి తెరిచింది రోమ్‌లోని సాన్ లొరెంజో అనే కూలీల పేటలో. తల్లిదండ్రులు పనికి పోతే ఒంటరిగా మిగిలిన పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ళ యజమానులు మొదలుపెట్టించిన బడి అది. మన దేశంలో తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని కోస్బాడ్ ప్రాంతంలో వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళింది. వాకిట్లో బడి, అంగన్‌వాడీ. అనూతాయి వాఘ్‌తో కలిసి పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయళ్ళలోనే బడి నడిపింది. అంటే "ప్లే-బేస్డ్" అని ఇప్పుడు లక్షలకి అమ్ముతున్న సరుకు పేదోళ్ళ పిల్లల కోసం, పేదోళ్ళ పిల్లల మధ్య పుట్టింది.

మరి మన చేతిలోంచి ఎలా పోయింది? 1948 నవంబరులో రాజ్యాంగ సభలో, ఉచిత నిర్బంధ విద్యని ప్రాథమిక స్థాయికి కుదించాలని సవరణ వస్తే బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదంటున్నాం, పనిలో లేని బిడ్డ బడిలో ఉండాలి అన్నది ఆయన వాదన. ఆ 45వ అధికరణంలో పద్నాలుగేళ్ళు నిండేదాకా అనే ఉంది, ఆరేళ్ళ నుంచి అని లేదు. 2002లో 86వ సవరణ తెచ్చి విద్యని ప్రాథమిక హక్కు చేశామని చప్పట్లు కొట్టించుకున్నారు. కానీ ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగు వరకే. ఆరేళ్ళలోపు పిల్లలకి రాజ్యం "ప్రయత్నిస్తుంది" అని రాసి వదిలేశారు. మనకి ప్రయత్నం, మార్కెట్‌కి మైదానం.

విద్యాహక్కు చట్టంలో 25 శాతం సీట్లున్నాయి కదా అంటారు. స్కూల్లో నర్సరీ ఉంటే అక్కడి నుంచే ఆ సీట్లు ఇవ్వాలని చట్టం చెబుతుంది. యూకేజీతో ఆగిపోయే విడి ప్లేస్కూలుకి అది అంటదు. ఫీజు పెద్దది, బాధ్యత సున్నా.

చదువుకుని ఉద్యోగం చేస్తూ పట్నంలో బిడ్డకి ప్లేస్కూలు వెతుకుతున్న మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. బ్రోషర్ చూడొద్దు. పదిగంటలప్పుడు చెప్పకుండా వెళ్ళండి. ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది, టీచరుదా, పిల్లలదా? ఆట పేరు చెప్పి టీవీ ముందు కూర్చోబెట్టారా? గోడ మీద "మన సహాయకులు" చార్టులో డాక్టరు ఎలా ఉన్నాడు, ఊడ్చేవాడు ఎలా ఉన్నాడు? అన్నం డబ్బా తెరిచినప్పుడు గుడ్డు, మాంసం ఉన్న పిల్లని ఎక్కడ కూర్చోబెడుతున్నారు? వసంత పంచమికి అక్షరాభ్యాసం చేయిస్తాం అని గొప్పగా చెబితే, సావిత్రిబాయి ఫూలే బొమ్మ ఎందుకు లేదో అడగండి. అడ్మిషన్ ఫారంలో ఇంటిపేరు చూశాక ఆయమ్మ మొహం ఎలా మారిందో నేను చెప్పక్కర్లేదు, మనకి తెలుసు. ఇసుకలో ఆడనిచ్చినంత మాత్రాన అది మంచి బడి కాదు, ఎవరితో కలిసి ఆడనిస్తున్నారో చూడాలి.

కానీ మిత్రులారా, మన పిల్లల్లో ఎక్కువమంది ఆ గేటు దాకా కూడా వెళ్ళరు. వాళ్ళకున్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటల చదువు కూడా ఒక సేవే. ఇప్పుడది గుడ్లూ పాలూ పంచే కేంద్రంగా మిగిలింది. తప్పు టీచరమ్మది కాదు. ఫోన్లో యాప్ నింపాలి, సర్వే చేయాలి, ఓటరు జాబితా పనీ చూడాలి, ఆట ఎప్పుడు ఆడించాలి? 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ అక్కలు 42 రోజులు సమ్మె చేస్తే ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అట! జీతం దగ్గర మాత్రం "గౌరవ వేతనం". ఆ సమ్మె టెంట్లలో మన విద్యార్థి సంఘాల జెండాలు ఎన్ని కనిపించాయి?

దళిత ఆయా వండితే మా పిల్లల్ని పంపం అనే ఊళ్ళ వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. కేంద్రం ఊళ్ళో ఉందా, పల్లెలో ఉందా అన్నది అందుకే చిన్న విషయం కాదు. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొత్త కేంద్రాల్లో ఎస్సీ, ఎస్టీ వాడలకి ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని చోట, అడిగిన మూడు నెలల్లోపు పెట్టాలి.

ఈ వేసవి సెలవులకి ఇంటికెళ్ళే విద్యార్థులు మీ పల్లెలో ఆరేళ్ళలోపు పిల్లల్ని లెక్కపెట్టండి. నలభై దాటి, కేంద్రం లేకపోతే ఆ తీర్పు తేదీ రాసి ఎంపీడీవో ఆఫీసులో, ఐసీడీఎస్ సీడీపీవో దగ్గర అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కేంద్రం ఉంటే లోపలికెళ్ళి ఆట సామాను ఎక్కడుందో చూడండి. చాలాచోట్ల బీరువాలో తాళం వేసి ఉంటుంది, పిల్లలు పాడుచేస్తారని. ఆ తాళం తీయించండి. రసీదుల ఫొటోలు నాకు పంపండి, వచ్చే భాగంలో వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.