ఏం పని మీద వచ్చారు?

ఈ ఏప్రిల్ రెండో వారంలో మేం అయిదుగురు స్నేహితులం వీపున సంచులు తగిలించుకుని గఢ్వాల్ కొండల్లో అయిదు రోజులు నడిచాం. జోషీమఠ్ దగ్గర ఢాక్ అనే ఊళ్లో మొదలుపెట్టి, గుల్లింగ్, ఖుల్లారా మీదుగా 12,000 అడుగులు దాటిన కువారీ కనుమ ఎక్కి, తాలీ, గోర్సన్ పచ్చికబయళ్ల గుండా ఔలీలో దిగాం. మాలో ఒకరు ప్రభుత్వాసుపత్రి నర్సు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు న్యాయవాది, ఒకరు కాలేజీ లెక్చరరు, అయిదోదాన్ని నేను. అందరిలో చిన్నామెకి 42, పెద్దామెకి 58. కొండలెక్కే అలవాటు ఒక్కరికీ లేదు. మోకాళ్ల నొప్పులు మాత్రం ముగ్గురికి ఉన్నాయి.

సంపాదకీయంలో విహారయాత్ర కబుర్లేమిటని పాఠకులు అనుకోవచ్చు. ఈ పేజీలో మనం వరకట్న హత్యల గురించి, కనీస వేతనాల గురించి, ఆస్తిహక్కు గురించి రాసుకుంటూ వచ్చాం. వాటి పక్కన ఇది చిన్న విషయం లాగే కనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని బయల్దేరడానికి నెల ముందు నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా మమ్మల్ని అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: ఏం పని మీద? ఇంట్లోవాళ్లు అడిగారు, ఆఫీసులో సెలవు మంజూరు చేసేవాళ్లు అడిగారు, రైల్లో పక్క సీటు పెద్దాయన అడిగాడు, చివరికి కొండమీద గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్లు కూడా అడిగారు. మా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నర్సు మిత్రురాలి సంగతి ముందు చెప్పాలి. ఆమెకి 51 ఏళ్లు, 26 ఏళ్ల సర్వీసు. అందులో సగం రాత్రి డ్యూటీలే. రాత్రి డ్యూటీకి పోవడానికి ఆ ఇంట్లో ఏనాడూ ఎవరూ అడ్డు చెప్పలేదు, జీతం వస్తుంది కనక. స్నేహితులతో కొండలు చూడ్డానికి వెళతానని అడిగే ధైర్యం మాత్రం ఆమెకి చాల్లేదు. బదరీనాథ్ యాత్ర అని చెప్పింది. అత్తగారు సంతోషించి, నుదుట కుంకుమ పెట్టి, స్వామి హుండీలో వెయ్యమని 500 రూపాయలు చేతికిచ్చింది. బదరీనాథ్ గుడి తలుపులు చలికాలమంతా మూసి ఉంటాయి. ఏప్రిల్ చివరికో, మే నెలకో గాని తెరవరు. ఆ ముసలావిడకి ఆ సంగతి తెలీదు. జోషీమఠ్‌లో దిగీదిగగానే మా నర్సు అక్కడి నరసింహస్వామి గుడికి వెళ్లి ఆ డబ్బు హుండీలో వేసి వచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. అబద్ధం చెప్పినందుకు కాదట బాధ. ఈ వయసులో, సొంత జీతంతో నాలుగు రోజులు బయటికి రావడానికి దేవుణ్ణి పూచీ పెట్టుకోవలసి వచ్చినందుకట.

ఈ పూచీ మనకి కొత్తది కాదు. తీర్థయాత్ర అంటే చాలు, మన ఇళ్లలో ఆడవాళ్లకి గడపలు తెరుచుకునేవి. కాశీకి, తిరుపతికి, పుష్కరాలకి వెళ్లిన మన అమ్మమ్మలు ఆ దారుల్లో ఏం చూశారో, ఎంత నవ్వుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఉగాది ముందు కర్ణాటక నుంచి కాలినడకన నల్లమల దాటి శ్రీశైలం చేరే భక్తుల్లో నెత్తిన మూటలతో నడిచే స్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు. భక్తి నిజం కాదని నేననను. కాని ఆ భక్తి లోపల పొయ్యి మొహం చూడని కొన్ని రోజుల సంతోషం కూడా ఉందని సమాజ శాస్త్రం చదువుకోని ఆడవాళ్లకి కూడా తెలుసు.

దేవుడు కాకపోతే రికార్డు. 1984 మే 23న ఉత్తరకాశీ జిల్లా నకూరీ గ్రామానికి చెందిన బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కింది. 2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా నుంచి గురుకుల పాఠశాల విద్యార్థిని మలావత్ పూర్ణ పద్నాలుగో ఏడు నిండకుండానే ఆ శిఖరం మీద నిలబడింది. ఆ పిల్ల ఫోటో ఇవాళ్టికీ చూడ్డానికి బాగుంటుంది. అయితే ఆ వార్తలన్నీ చదివాక మిగిలే భావం ఒకటుంది. ఆడది కొండెక్కితే దేశానికి పేరు తేవాలి, లేదా మొక్కు తీర్చుకోవాలి. ఊరికే ఎక్కి, ఊరికే చూసి, ఊరికే దిగిరావడానికి మాత్రం అనుమతి లేదు. ముంబయి వీధుల్లో స్త్రీల సంచారం మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' అనే పుస్తకం పట్నవాసపు ఆడవాళ్ల గురించి ఇదే మాట అంటుంది: బయట కనిపించిన ప్రతి స్త్రీ తనకేదో పనుందని రుజువు చేసుకుంటూ నడవాలి. కొండ మీదా అంతే.

దారిలో ఒక ఊళ్లో లాడ్జివాడు మా అయిదుగురి గుర్తింపు కార్డులూ తిరగేసి, "జెంట్స్ ఎవరూ లేరా?" అన్నాడు. లేరన్నాం. గదులు ఖాళీ లేవన్నాడు. తాళాలు గోడకి వరసగా వేలాడుతున్నాయి. మా న్యాయవాది రాజ్యాంగం 19వ అధికరణం ఎత్తుకుంది. దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు అందులో ఉంది గాని లాడ్జి గది లేదు. పక్క వీధిలో ఒక టీ దుకాణం ఆవిడ తన మేడమీద పడుకోనిచ్చింది.

నడక మొదలుపెట్టే ముందు ఒక పూట రైణీ గ్రామానికి వెళ్లాం. ఢాక్ నుంచి అదే రోడ్డున తపోవన్ దాటితే వస్తుంది. 1974 మార్చి 26న చెట్లు నరికే కూలీలు అడవిలోకి వచ్చినప్పుడు ఊళ్లో మగవాళ్లు లేరు. సైన్యం తీసుకున్న భూములకి నష్టపరిహారం ఇస్తారంటే చమోలీ వెళ్లారు. మహిళా మంగళ్ దళ్ అధ్యక్షురాలు గౌరాదేవి 27 మంది స్త్రీలతో, ఆడపిల్లలతో వెళ్లి చెట్లకి అడ్డం నిలబడింది. ఆమె చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకున్న మనిషి. 1991లో పోయింది. చిప్కో గురించి మన పత్రికల్లో ఎన్నోసార్లు చదువుకున్నదే కనక మళ్లీ అంతా చెప్పను. 2021 ఫిబ్రవరి 7న రుషిగంగ ఉప్పొంగి ఆ ఊరి పక్కనున్న జలవిద్యుత్ కేంద్రాన్ని ఊడ్చుకుపోయింది. కింద తపోవన్ సొరంగంలో పనిచేస్తున్నవాళ్లతో కలిపి 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఊరి నేల జారడం మొదలైతే ఆ జూన్‌లో గౌరాదేవి విగ్రహాన్ని కూడా అక్కణ్నుంచి తరలించారు. 2023 జనవరిలో జోషీమఠ్‌లోనే 800 పైచిలుకు ఇళ్లు బీటలు వారాయి. ఆ పట్నంలో నడుస్తూ గోడల వంక చూడకుండా ఉండలేం.

రైణీ స్త్రీలు ఆ అడవిని తమ పుట్టిల్లు అన్నారు. ఆ మాట నన్ను ఆ అయిదు రోజులూ వదల్లేదు. ఆడదానికి పుట్టిల్లంటే ఏమిటి? పొద్దెక్కేదాకా పడుకోనిచ్చే చోటు. ఒకరు వండిపెడితే తినే చోటు. మరి ఆ అడవిలో వాళ్లు కట్టెలు కొట్టారు, గడ్డి మోశారు, ఆకు దూశారు. వాళ్లెప్పుడైనా అక్కడ ఊరికే కూర్చున్నారా?

నడక సంగతి. గుల్లింగ్ దాకా సింధూర వృక్షాల అడవి, మధ్య మధ్య బురాన్ష్ చెట్లు. మోదుగు పూసినప్పటి ఎరుపే, కాని పువ్వులు గుత్తులు గుత్తులుగా, దారంతా రాలి ఉన్నాయి. ఖుల్లారా దాటాక చెట్లు ఆగిపోయి మంచు మొదలైంది. కనుమ దగ్గర ఇంకా మోకాలి లోతుంది. పైకి చేరేసరికి నందాదేవి, ద్రోణగిరి, హాథీ పర్వతం వరసగా కనిపించాయి. మా బ్యాంకు ఉద్యోగి ద్రోణగిరి వంక చూసి, "హనుమంతుడు పట్టుకుపోగా మిగిలింది ఇంతా!" అంది. ఆ కొండకింది ద్రోణగిరి గ్రామస్థులు తమ కొండని ఎత్తుకుపోయాడని హనుమంతుణ్ణి పూజించరట. లెక్చరరుకి రెండో రోజే నెలసరి వచ్చింది. కడుపునొప్పితోనే నడిచింది. వాడినవన్నీ కాగితాల్లో చుట్టి, సంచిలో కిందిదాకా మోసుకొచ్చింది. రాత్రిళ్లు గుడారం బయటికి వెళ్లాలంటే ఎలుగుబంటి భయం. మగవాడి భయం కాని భయంతో చీకట్లోకి నడవడం నా 46 ఏళ్లలో అదే మొదటిసారి. ఆ భయం ఎంత తేలిగ్గా ఉందో చెబితే నమ్మరు.

మూడో రోజు ఏటవాలులో గడ్డీ ఆకూ మోపులు కట్టుకుని దిగుతున్న నలుగురు ఆడవాళ్లు ఎదురయ్యారు. మోపుల కింద మనుషులు కనిపించడం లేదు, కాళ్లు మాత్రం కదులుతున్నాయి. దారి పక్కన మోపులు ఆనించి మమ్మల్ని పలకరించారు. నా వీపు సంచి ఎత్తి చూసి ఒకామె పకపకా నవ్వింది. పది కిలోలు కూడా లేదు. "దీదీ, ఏం పని మీద వచ్చారు?" అంది. కొండలు చూడ్డానికని చెప్పాను. "అంతేనా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. తర్వాత పక్కామెతో గఢ్వాలీలో ఏదో అంటే అందరూ నవ్వారు. మాకు దారి చూపించే కుర్రాణ్ణి అడిగితే కాసేపు నసిగి చెప్పాడు: "పని లేకుండా నడిచే ఆడవాళ్లు కూడా ఉంటారన్నమాట అంటున్నారు."

ఆ కుర్రాడిది కొండకింది ఊరే. ఏడాదికి పాతిక ముప్ఫైసార్లు కనుమ ఎక్కుతాడు. మీ ఆవిడ ఎప్పుడైనా వచ్చిందా అని మా నర్సు అడిగింది. లేదన్నాడు. అడవి అంచుదాకా రోజూ వస్తుందట. పైకి రావడానికి తీరికేదీ అన్నాడు. చాలా మంచి పిల్లవాడు. మా కాళ్లకి వేణ్ణీళ్లు కాచి ఇచ్చాడు. ఆ మాట అంటున్నప్పుడు అందులో అడగవలసిందేదో ఉందని అతనికి తట్టలేదు.

తీరిక స్త్రీల హక్కుల పట్టికలో ఎక్కడుంది? ఉందండీ, మనమే చదవడం లేదు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతి, విరామం హక్కుగా ఉన్నాయి. స్త్రీల పట్ల వివక్షని రూపుమాపే ఒప్పందాన్ని భారత ప్రభుత్వం 1993లో ధ్రువీకరించింది. దాని 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకి సమాన హక్కు ఇస్తుంది. ఆ ఒప్పందం మీద నేను ఎన్ని వర్క్‌షాపుల్లో మాట్లాడానో లెక్కలేదు. 13వ అధికరణం మీద ఒక్కసారీ మాట్లాడలేదు. హింస, వేతనం, ఆస్తి అయ్యాక చూద్దాంలే అన్న ధోరణి మన ఉద్యమంలోనూ ఉంది. ఇంట్లో ఆడది అందరికీ వడ్డించాక మిగిలింది తిన్నట్టు.

మిగలడం లేదనే లెక్కలు కూడా చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. 2019 సర్వేలో అవి 299, 97. అయిదేళ్లలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే మగవాళ్లకీ తొమ్మిది తగ్గాయి.

ఇక నా ఇంటి సంగతి. ఇది రాయకుండా దాటేస్తే పైన రాసిందంతా బూటకమవుతుంది. ప్రయాణాలతో కలిపి నేను పది రోజులు ఊళ్లో లేను. మా నాన్నకి 80 దాటాయి. ఆ పది రోజులూ మా ఇంట్లో పనిచేసే ఆమె రెండుపూటలా వచ్చి వండింది, ఆయనకి మందులిచ్చింది. అదనంగా డబ్బిచ్చాను. ఇచ్చాను కదా అనే తృప్తి కనుమ ఎక్కేదాకా ఉంది. ఆ గడ్డి మోపుల స్త్రీలు నవ్వాక పోయింది. ఆరేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న మనిషికి పండగలకీ జ్వరాలకీ తప్ప వరసగా నాలుగు రోజుల సెలవు నేనెప్పుడూ ఇవ్వలేదు. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక వారానికి కనీసం 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలంటుంది. మన ప్రభుత్వం అనుకూలంగా ఓటేసింది గాని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. దాని మీద వ్యాసం రాసినదాన్ని నేనే.

తిరిగొచ్చాక ఆమెతో కూర్చుని మాట్లాడాను. ఏడాదికి 15 రోజులు జీతంతో సెలవు, అందులో అయిదు రోజులు వరసగా, వారానికొక రోజు పూర్తిగా విశ్రాంతి అని కాగితం మీద రాసుకున్నాం. ఈ పత్రిక నిర్వహణలో ఉన్న మిగతావాళ్లు కూడా తమ ఇళ్లలో ఇదే పద్ధతి పెట్టాలని సమావేశంలో ప్రతిపాదించాను. చర్చ చాలా వేడిగా జరిగింది. ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. ఒకరింట్లో మంచంపట్టిన తల్లి ఉంది. ఆ సెలవు రోజున ఆ తల్లి పని మళ్లీ ఆమె మీదే పడుతుంది, ఆమె భర్త మీద కాదు. వచ్చే సంచికలో ఆ చర్చనంతా వేస్తాం. పాఠకులు తమ ఇళ్లలో సంగతులు రాసి పంపితే వాటినీ కలిపి వేస్తాం.

అయిదు రోజులు సెలవు దొరికితే ఏం చేస్తావని ఆమెని అడిగాను.

"పండుకుంటనమ్మా," అంది వెంటనే. కాసేపాగి, "ఇంట్ల ఉంటె పండుకోనియ్యరు. అవ్వగారింటికి పోతె ఆడ గూడ వదినె పని జెప్తది. ఎటన్న దూరం పోవాలె," అంది.

గిన్నెలు బోర్లించి చేతులు తుడుచుకుంటూ మళ్లీ అడిగింది: "మీరు పోయిన గుట్టలకాడ చలి బాగుంటదా అమ్మా? ఎన్ని దుప్పట్లు గావాలె?"