రాచపుండు ఒక్కనాటి రోగం కాదు

తల్లాడ: ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో కొత్తగూడెం రోడ్డు చీలే తల్లాడ కూడలిలో ఏ బడ్డీకొట్టు ముందు నిలబడినా బీడీ కట్టలు, చుట్టలు, జర్దా పొట్లాలు కనిపిస్తాయి. భద్రాచలం వైపు అడవుల్లో ఏటా వేసవిలో తునికాకు కోత సాగుతుంది. తెల్లవారకముందే అడవికి పోయి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో అప్పగిస్తే వచ్చే కూలి గిరిజనులకు, పేదలకు వానాకాలం ముందు చేతికందే నాలుగు డబ్బులు. ఆ ఆకే పొగాకు నింపుకొని బీడీగా మళ్లీ ఈ ఊళ్లకే వస్తున్నది. ఆకు కోసేవారి తప్పు ఇందులో ఏమీ లేదు. అయితే ఆ బీడీ, ఆ చుట్ట, ఆ జర్దా మనిషి నోటిలో ఏళ్ల తరబడి చేసే పని ఏమిటో ఊళ్లలో చాలామందికి తెలియకపోవడమే విచారకరం.

పెద్దలు రాచపుండు అని పిలిచే కేన్సర్ ఉన్నట్టుండి విరుచుకుపడే రోగమని, తలరాత అని చాలామంది నమ్మకం. ప్రయోగశాలల్లో గత కొన్ని దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి. కంతి ఒక్కనాడు పుట్టదు. మెట్టు మెట్టుగా, సాధారణంగా అనేక సంవత్సరాలు తీసుకొని తయారవుతుంది. మొదటి మెట్ల మీద ఉండగా పట్టుకుంటే ఆపవచ్చు. పై మెట్టు ఎక్కిన తరువాత ఎంత పెద్ద ఆసుపత్రికైనా కష్టమే.

కావలివాడు లేని పొలం

మన శరీరం కోట్లాది జీవకణాలతో ఏర్పడినది. పాత కణాలు చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఏ కణం ఎప్పుడు చీలాలి, ఎప్పుడు ఆగాలి అన్నది దానిలోని జన్యువులు నిర్ణయిస్తాయి. 1979లో శాస్త్రజ్ఞులు పి-53 అనే పదార్థాన్ని కనుగొన్నారు. కణంలో ఇది పొలానికి కావలివాడి వంటిదని తరువాతి పరిశోధనల్లో తేలింది. కణం దెబ్బతింటే చీలనివ్వకుండా ఆపుతుంది. బాగుపడని కణాన్ని చావనిస్తుంది. ఈ కావలివాణ్ణి తయారుచేసే జన్యువే దెబ్బతింటే, చెడిన కణం అదుపు లేకుండా పెరుగుతుంది.

పొగాకు పొగ సరిగ్గా ఈ జన్యువు మీదనే దెబ్బ తీస్తున్నది. పొగలోని బెంజోపైరీన్ అనే విషం నుంచి పుట్టే పదార్థాన్ని 1996లో అమెరికాలోని ప్రయోగశాలలో ఊపిరితిత్తుల కణాలపై పరీక్షించారు. అది పి-53 జన్యువుపై ఏ చోట్ల అతుక్కున్నదో, ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల కంతుల్లోనూ చాలావరకు ఆ చోట్లే చెడిపోయి కనిపించాయి. పొగ తాగను, నములుతానంతే అనుకునేవారికీ ఊరట లేదు. నమిలే పొగాకులో నైట్రోసమైన్లు అనే విషాలున్నాయి. ఉత్త వక్క కూడా కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది.

శ్రీకాకుళం పల్లెలు నేర్పిన పాఠం

ఈ విషయంలో తెలుగు పల్లెల ప్రజలే ప్రపంచానికి పాఠం చెప్పారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని తాగే అలవాటు ఉన్నది. దానిని అడ్డపొగ అంటారు. ఆడవారిలో ఇది ఎక్కువ. ఆ వేడికి, పొగకు అంగిలి కమిలి, అక్కడే కేన్సర్ పుట్టడం వైద్యులు గమనించారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా బృందం 10,169 మంది పల్లె ప్రజల నోళ్లు పరీక్షించి, 1971లో ఆ ఫలితాలు ప్రకటించింది. అడ్డపొగ తాగేవారి అంగిలిపై తెల్లమచ్చలు, ఎర్రబారిన చోట్లు, పుండ్లు ఎలా వస్తాయో అందులో వివరించారు.

అంతటితో ఆగలేదు. శ్రీకాకుళంతో పాటు కేరళ, గుజరాత్‌లలోని పల్లెల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎన్నుకొని, మానమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం, అలా చెప్పించుకున్నవారిలో ఎక్కువమంది అలవాటు మానడమో తగ్గించుకోవడమో చేశారు. నోటిలో కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా వారిలో తగ్గాయి. అంటే కింది మెట్టు మీద ఉన్న మనిషి వెనక్కి దిగిరావచ్చునన్న మాట. చదువుకోని పల్లె ప్రజలు చెబితే వినరన్న వాదన తప్పని కూడా దీనితో రుజువైంది.

కంతి దొంగ తూము

కంతి నడవడిక గురించి తెలిసిన మరో రెండు సంగతులు గమనించదగ్గవి. కొద్ది మిల్లీమీటర్లు పెరిగిన కంతికి ఆపైన పెరగాలంటే సొంత రక్తనాళాలు కావాలి. సాగర్ కాలువకు దొంగ తూము పెట్టి నీరు మళ్లించుకున్నట్లు, అది పక్కనున్న రక్తనాళాల నుంచి కొత్తవి మొలిపించుకుంటుందని బోస్టన్ వైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించగా, తరువాత రుజువైంది. దారి దొరికిన కణాలు మెడలోని గ్రంథులకు, అక్కడి నుంచి దూర అవయవాలకు పోతాయి.

రెండవది, కంతి ఉన్న చోటు ఒక్కటే చెడదు. నోటి కేన్సర్‌కు ఆపరేషన్ అయిన 783 మంది కండను పరీక్షించిన అమెరికా వైద్యులు, కంతి చుట్టూ ఉన్న పొర కూడా మారిపోయి ఉన్నదని 1953లోనే చూపారు. తెగులు తగిలిన మిరప చేనులో ఒక్క మొక్క పీకితే సరిపోనట్లే, ఆపరేషన్ అయినవారు బీడీ మానకపోతే పక్కనే మరో కంతి పుట్టే ప్రమాదమున్నది.

కత్తి పడితే రోగం ముదురుతుందన్న భయం పల్లెల్లో ఉన్నది. దానితో ముక్క తీసి పరీక్ష చేయించుకోక ఆకు పసరులతో నెలలు గడుపుతారు. నిజానికి ముదిరించేది ఆ ఆలస్యమే. ఈ నెలల్లోనే కంతి తన తూములు తవ్వుకుంటుంది. ఇది అంటువ్యాధి కూడా కాదు. రోగికి కంచం, మంచం వేరు చేయవలసిన అవసరం లేదు.

భీమవరం బిడ్డ మందు

కేన్సర్ మందుల చరిత్రలో మొదటి పేర్లలో తెలుగువాడి పేరున్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. చీలే కణానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానికి నకిలీ పదార్థాన్ని అందిస్తే కణం మోసపోయి ఆగుతుంది. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను రక్త కేన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా నయమైందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు.

దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ మాత్ర నేటికీ వాడుకలో ఉన్నది. ఆపరేషన్‌కు వీలుకాని దశకు చేరిన నోరు, గొంతు కేన్సర్ రోగులు 422 మందిపై ముంబయి టాటా ఆసుపత్రి చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఈ చవక మాత్రను మరో నొప్పి మాత్రతో కలిపి ఇస్తే, సూదిమందు తీసుకున్నవారి కంటే కొంత మెరుగ్గా ఉన్నది. అయితే ఆ మెరుగు ఎంత? సగం మంది బతికిన కాలం 6.1 నెలల నుంచి 7.5 నెలలకు పెరిగింది. పేదవానికి అందే మందు దొరికినందుకు సంతోషించవలసిందే. కాని చివరి మెట్టు మీద సైన్సు ఇవ్వగలిగినది నెలల లెక్కనే అన్నది మరువరాదు.

నోరు తెరిచి చూస్తే చాలు

మొదటి మెట్టు మీద పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు దీపం వెలుతురులో నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. ముప్పై ఏళ్లు దాటినవారందరికీ అయిదేళ్లకొకసారి నోటి పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ పని ఉపకేంద్రంలోని నర్సమ్మ, ఊళ్లోని ఆశా కార్యకర్తతోనే మొదలు కావాలి. పరీక్ష కాగితాల్లో నిండితే చాలదు, ప్రతి నోరూ తెరిచి చూడాలి.

మూడు వారాలు దాటినా మానని పుండు, గోకినా పోని తెల్లమచ్చ లేదా ఎర్రమచ్చ, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం, మెడలో గట్టి గడ్డ, ఇవీ గమనించవలసిన గుర్తులు. తొలినాళ్లలో నొప్పి ఉండదు. నొప్పి లేదని నిర్లక్ష్యం చేయడమే అసలు ముప్పు. అవసరమైనవారికి హైదరాబాదు ఎర్రగుట్టల వద్ద 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద కేన్సర్ చికిత్సలు కూడా జరుగుతున్నాయి. అయినా దారిఖర్చు, తోడు వచ్చేవారి కూలి పేద కుటుంబం మీదే పడుతున్నది. రోగం ముదిరేకొద్దీ ఈ ప్రయాణాలు పెరుగుతాయే తప్ప తగ్గవు.

తునికాకు కాలంలో కల్లం దగ్గరికి ఊరంతా వస్తుంది. ఆ రోజుల్లోనే వైద్య సిబ్బంది అక్కడ కూర్చొని నోటి పరీక్షలు జరిపితే కూలి పోకుండా పని జరుగుతుంది. అధికారులు ఈ దిశగా ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.