గడీ తెలిసినవాళ్లే చూడాలి



పోయిన సంచికలో ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. యూరప్ కోటల మీద మీరు వేసిన యాత్రా వ్యాసం చదివి ఆయనకు ఒళ్లు మండింది. ఇంటి దగ్గర దొరల గడీలు చూసింది చాలదా, లక్షలు పోసి విమానమెక్కి అక్కడి దొరల ఇండ్లు కూడా చూడాలా అని అడిగారు. ఆ కోపం నాకు కొత్త కాదు. నాదీ జనగామ దిక్కే. మా తాత కుమ్మరి. గడీకి మోసిన కుండలకు ఎన్నడూ పైస ముట్టలేదని మా నాయనమ్మ పోయేదాకా చెప్తూనే ఉండేది. అయినా ఆయన తేల్చిన మాటకు నేను ఒప్పుకోను. గడీ నీడన పెరిగినవాళ్లే ఈ ఇండ్లను చూడాలి. మిగతావాళ్లకు అక్కడ దీపాల గుత్తులు కనబడతాయి, మనకు గింజల కొట్లు కనబడతాయి.

మా బిడ్డ కాపురం జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో. రెండేండ్ల నుంచి ఎండాకాలం అక్కడికి పోయివస్తున్నాను. ఆ ఊరి చుట్టూ హాలెండ్ సరిహద్దు దాకా పరుచుకున్న మైదానాన్ని మ్యూన్‌స్టర్‌లాండ్ అంటారు. రై, మక్క చేలు, పందుల కొట్టాలు, గట్ల మీద పెంచిన చెట్ల కంచెలు. బౌంబెర్గె అనే చిన్న మిట్టలు ఒక పక్కన ఉన్నాయి కానీ వాటి ఎత్తు రెండు వందల మీటర్లు కూడా లేదు. మన దిక్కు అయితే వాటికి గుట్ట అని పేరు కూడా పెట్టరు. ఇట్లాంటి నేల మీద వందకు పైగా కోటలు, దొరల ఇండ్లు ఉన్నాయి. వాటిని కలుపుతూ దాదాపు 960 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు.

మీ వ్యాసంలో బవేరియా కొండ మీది నోయిష్వాన్‌స్టైన్ కోట గురించి రెండు పేజీలు ఉంది. 1869లో మొదలుపెట్టిన ఒక రాజుగారి కల అది. దాని కింద దున్నే పొలం లేదు, పండి వచ్చే గింజ లేదు. దాన్ని చూసి దొరతనం అంటే ఇదే అనుకుంటే ఆ పాఠకుడికి కోపం రావడంలో తప్పులేదు, మీ వ్యాసకర్తకు మురిపెం కలగడంలోనూ తప్పులేదు. దొరతనం ఎట్లా నడిచిందో తెలియాలంటే మాత్రం మైదానానికి రావాలి.

మైదానంలో కోట దూరం నుంచి కనబడదు. సైకిల్ మీద చెట్ల వరుస మధ్య పోతూ పోతూ ఉండగా పక్కన నీళ్లు తళుక్కుమంటాయి. అగడ్త. అక్కడివాళ్లు దాన్ని గ్రెఫ్టె అంటారు. గుట్ట లేనిచోట నీళ్లే గుట్ట. వాగును మళ్లించి చుట్టూ తిప్పి, తవ్విన మట్టి మధ్యలో పోసి దిబ్బ చేసి, మెత్తటి నేల కాబట్టి ఓక్ దుంగలు దింపి వాటి మీద గోడ లేపారు. దుంగ నీళ్లలో మునిగి ఉన్నన్ని రోజులు చెడదు, నీటిమట్టం తగ్గి గాలి తగిలితే కుళ్లుతుంది. అందుకే శత్రువులు పోయి వందల ఏండ్లయినా తూము కాపలా మాత్రం పోలేదు. చెరువు తూము దగ్గర నీరటికాడి పని ఎరిగినవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఆ మట్టి మోసింది ఎవరని వెతికాను. నేను పోయినచోట్ల ఏ బోర్డు మీదా ఆ సంగతి నా కంటబడలేదు.

ల్యూడింగ్‌హౌజెన్ దగ్గర ఫిషెరింగ్ కోట ఉంది. 1271లో మ్యూన్‌స్టర్ బిషప్ కట్టించాడు. ఆ ఊరి దొరలను అదుపులో పెట్టడానికి. కాపలాకు తన వంటశాల, భోజనశాల అజమాయిషీ చూసే ఉద్యోగిని పెట్టాడు. డ్రోస్టె అనే ఆ ఉద్యోగం పేరే తరువాత వంశం పేరైంది. మన దేశ్‌ముఖ్, పట్వారీ లాగానే కదా! గిర్దావర్‌గా ముప్పయ్యేండ్లు చేసిన నాకు అది చదవగానే నవ్వొచ్చింది. దొరగారి ఇల్లు ఒక దీవి మీద, దాని ముందు ఇంకో దీవి మీద కొట్టాలు, పశువుల పాకలు, పనివాళ్ల చోటు. రెండింటికీ మధ్య వంతెన. టూరిస్టులు ముందటి దీవిని గబగబా దాటి అసలు కోటలోకి పోతారు. నేను మాత్రం ముందటి దీవి మీదే గంటసేపు ఆగాను. మా అల్లుడు ఓపికమంతుడు కాబట్టి ఆగాడు.

లోపల అద్దాల పెట్టెలో ఒక ఇనుప పట్టీ ఉంది. లోపలి వైపు ముండ్లు. 1520లో లాంబెర్ట్ ఫాన్ ఓయెర్ అనే దొరను పగబట్టిన ఇంకో దొర మనుషులు దారికాచి పట్టుకుని మెడకు బిగించారు. తాళం చెవితో రాలేదు. మ్యూన్‌స్టర్‌లో ఒక కమ్మరి దాగలి మీద పెట్టి పగలగొట్టాడు. జనం ఆ పట్టీ చుట్టూ మూగుతారు, పిల్లలు మెడలు తడుముకుంటారు. దొర మెడకు పడింది కాబట్టి పట్టీకి పేరుంది, తేదీ ఉంది, అద్దం ఉంది. అదే కాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టుకతోనే కట్టుబడిన రైతులు ఉన్నారు. వాళ్ల మెడకు ఇనుము లేదు కనుక మ్యూజియంలో పెట్టడానికి ఏమీ మిగలలేదు. కాగితాలు మాత్రం మిగిలాయి.

ఆ కాగితాల సంగతి కొంచెం చెప్తాను, అది నా పాత పని. మ్యూన్‌స్టర్‌లాండ్ రైతుల్లో చాలామంది దొరకో మఠానికో చెందినవాళ్లు. దొర ఒప్పుకోనిదే పెండ్లి లేదు, విడుదల పత్రం కొనుక్కోనిదే ఊరు విడిచే దారి లేదు. ఇంటి పెద్ద చనిపోతే ఇంట్లోని కదిలే ఆస్తిలో సగం మీద దొరకు హక్కు. గొడ్డూ గోదా, బట్టల పెట్టె, అన్నీ లెక్కే. మన దగ్గర చావు తరువాత ఫౌతి పట్టా కోసం తిప్పలు పడతారు. అక్కడ శవం లేవకముందే లెక్క మొదలు. 1770లో ఈ నియమాలన్నీ ఒక చట్టంగా రాసిపెట్టారు. నెపోలియన్ మనుషుల పాలన వచ్చాక, 1808 చివర, ఆ కట్టుబాటు పోయింది. కట్టవలసిన బాకీలు మాత్రం అంత తొందరగా పోలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇది అచ్చంగా మన వెట్టి కాదు. ఆ రైతుల్లో పెద్ద ఇల్లు, నాలుగు గుర్రాలు ఉన్నవాళ్లు కూడా ఉండేవారు. భూమి తరతరాలుగా ఆ ఇంటి చేతిలోనే సాగేది, ఇవ్వవలసింది ఎంతో కాగితం మీద ఉండేది. మా తాతకు ఎన్ని కుండలు బాకీయో ఏ కాగితం మీదా లేదు. ఈ తేడా నాకు తట్టింది కూడా అక్కడికి పోయి చూసినందుకే.

అన్నింటికన్నా నాకు నచ్చింది మ్యూన్‌స్టర్ అంచున ఉన్న ర్యూష్‌హౌస్. ష్లౌన్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి 1745–49 మధ్య తనకోసం కట్టుకున్న ఇల్లు. ముందునుంచి చూస్తే రైతు ఇల్లే. గడ్డి బండి పోయేంత దర్వాజ, లోపల కళ్లం, రెండు పక్కలా గొడ్ల చోటు. వెనక తోటలోకి పోయి తిరిగి చూస్తే చిన్న మహలు. రెండింటికీ ఒకటే కప్పు. తోటలో నిలబడ్డవాళ్లకు పేడ కనబడదు, కళ్లంలో నిలబడ్డవాళ్లకు గులాబీలు కనబడవు. గడీ గురించి నేను చదివిన ఏ పుస్తకమూ ఆ ఇల్లు చెప్పినంత సూటిగా చెప్పలేదు.

ఆ ఇంట్లోనే 1826 నుంచి అన్నెట్టె ఫాన్ డ్రోస్టె-హ్యూల్స్‌హోఫ్ అనే కవయిత్రి ఉంది. 1797లో దగ్గరలోని హ్యూల్స్‌హోఫ్ కోటలో పుట్టింది. నాయన పోగానే కోట తమ్ముడి పాలైంది, తల్లీ కూతుళ్లు ఈ ఇంటికి వచ్చారు. యూరో రాకముందు ఇరవై మార్కుల నోటు మీద ఆమె బొమ్మే. నెలలు నిండకుండా పుట్టిన ఆమెను పాలిచ్చి బతికించింది ఒక నేతగాడి భార్య. ముసలితనంలో ఆ దాదిని ఆమె ర్యూష్‌హౌస్‌లో తన దగ్గరే పెట్టుకుని కడదాకా చూసుకుంది. దొరసానులందరూ ఒకటే అని కూడా రాసిన ఆ పాఠకుడికి ఈ ఒక్క సంగతి పంపుతున్నాను. దానివల్ల లెక్కలేమీ మారవని నాకూ తెలుసు.

నోర్డ్‌కిర్షెన్ మహలు గురించి ఎక్కువ చెప్పను. 1703లో మొదలైన ఆ కట్టడాన్ని వెస్ట్‌ఫాలియా వెర్సాయ్ అంటారు, ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇప్పుడు అందులో రాష్ట్ర పన్నుల శాఖకు ఉద్యోగులను తయారుచేసే కాలేజీ నడుస్తోంది. శిస్తులతో లేచిన మహల్లో పన్ను వసూలు పాఠాలు! మా రెవెన్యూ శాఖ వాళ్లెవరికైనా చూపించాలి.

సంపాదకులు గారూ, మీకు నా ఫిర్యాదు కూడా ఉంది. మీ యాత్రా వ్యాసాలు ఎప్పుడూ సింహద్వారం దగ్గరే మొదలై పడకగదిలో ముగుస్తాయి. మన గడీల మీద రాసినా అంతే. నిజాం జాగీరులు 1949లో రద్దయ్యాక కొన్ని గడీలు కూలిపోయాయి, కొన్నింట్లో బళ్లు నడిచాయి. దోమకొండ కోటకు మరమ్మతు చేసి, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా తెచ్చుకున్నారు. వాటి గురించి ఎవరు రాసినా స్తంభాల నగిషీ దగ్గరే ఆగిపోతారు. గింజలు కొలిచిన చోటు ఏది, కుండలు దించిన చోటు ఏది, చెప్పులు విడిచిన చోటు ఏది అని ఒక్కరూ రాయరు. ఆ పాఠకుడికి గడీ అంటే కంపరం పుట్టడంలో మీ వంతు కూడా ఉంది.

మా ఊరి గడీలోకి నేను ఉద్యోగం వచ్చాకే, సర్వే గొలుసు పట్టుకుని, మొదటిసారి అడుగుపెట్టాను. అప్పటికే కప్పు లేదు. వంటింటి వెనక గోడ వారకు పగిలిన కుండపెంకులు మోకాలెత్తు ఉన్నాయి. కాసేపు వాటిని తిరగేసి చూశాను. మా తాత చేతివాటం ఏదో గుర్తుపట్టలేకపోయాను.

ఆ పాఠకుడికి మ్యూన్‌స్టర్ దిక్కు చుట్టాలెవరైనా ఉండి అక్కడికి పోతే, సెప్టెంబర్ రెండో ఆదివారం కలిసేట్టు చూసుకోమనండి. ఆ రోజు జర్మనీ అంతటా పాత కట్టడాలు జనానికి తెరుస్తారు, మామూలప్పుడు గేటు దగ్గరే ఆపేసే సొంత ఇండ్లు కూడా కొన్ని తెరుచుకుంటాయి. రోజుకు రెండుకు మించి చూడొద్దు. నేనూ ఉంటే వెంట వస్తాను. మా అల్లుడి దగ్గర అదనపు సైకిల్ ఉంది, సీటు కొంచెం ఎత్తు, దించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గిర్దావర్,
జనగామ