ఖాళీ లూపు

మా నస్పూరులో పొద్దెంత అయిందో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. మొదటి షిఫ్టు వాళ్ళ మోటారుసైకిళ్ళు పోతే తెల్లవారినట్టు. రెండో షిఫ్టు వాళ్ళు పోతే మా ఇంట్లో భోజనాలయినట్టు. రాత్రి షిఫ్టు వాళ్ళు కూడా పోయారా, ఇక తలుపు గడియ వేసుకోవచ్చు. ఊరంతా వరసల మీద బతికే ఊరు ఇది. అందుకే కాబోలు, మొన్న బతుకమ్మ పండక్కి మా అరుగు మీద పనుల వరసను గురించి పెద్ద చర్చే జరిగింది.

మా పక్కింటి పెద్దాయన శ్రీరాంపూరు బావుల్లో హాలేజీ డ్రైవరుగా పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన మనవడు డిప్లొమా చదివి, ఎక్కడో పెద్ద కార్ఖానాలో వుద్యోగం చేస్తున్నాడు. కార్ఖానా పేరు నాకు చెప్పాడు గాని, నేను మీకు చెప్పను. పండక్కి వచ్చాడన్న మాటే గాని కుర్రవాడి ముఖంలో పండగ లేదు.

"ఏమైంది బిడ్డా, నౌకరి బాగలేదా?" అన్నాడు తాత.

"నౌకరి బాగానే వుంది తాతా. మొన్న నా షిఫ్టుల లైనంత ఆగిపోయింది. మూడు గంటలు. ఏ మిషనూ ఖరాబు కాలేదు. కరెంటు పోలేదు. మనుషులంత వున్నరు. కాని ఏదీ కదల్లేదు. కారణమేందో రాసియ్యమన్నరు. ఏమని రాయాలె?"

ఏదీ చెడకపోవడమేమిటి, ఏదీ కదలకపోవడమేమిటి? పాఠకులకు కూడా ఈ సందేహం వచ్చే వుంటుంది. ఆ కార్ఖానా ఎటువంటిదో ముందు చెప్పుకుంటే గాని చిక్కు విడదు.

ఒకే రకం వస్తువును లక్షల కొద్దీ చేసే కార్ఖానాకు వరసతో చిక్కు లేదు. మొదటి మిషను, రెండో మిషను, మూడో మిషను, అంతే. మన ఊరి మరమ్మతు షెడ్డు అలా కాదు. పొద్దున పంపు షాఫ్టు వస్తుంది, మధ్యాహ్నం గేరు వస్తుంది, సాయంత్రం ఇంకేదో వస్తుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దారి. ఈ రెండో తరహా పనిని యంత్రాల చేతనే, మనిషి చెయ్యి పడకుండా చేయించాలని 1960ల్లో లండన్‌లో ఒక ఇంజనీరుకు తోచింది. ఆయన పేరు థియో విలియంసన్. అంతకు ముందు 1947లో ఆయన ప్రకటించిన ఆంప్లిఫయరు రేడియో పిచ్చివాళ్ళందరికీ తెలిసిందే. సిగరెట్లు చుట్టే యంత్రాలు తయారుచేసే మోలిన్స్ కంపెనీలో వుంటూ ఆయన వేసిన పథకానికి 'సిస్టం 24' అని పేరు పెట్టారు. పగలు మనుషులు లోహపు ముక్కలను పళ్ళాలకు బిగించి పెట్టి ఇళ్ళకు పోతారు. రాత్రంతా ఆ పళ్ళాలు ఏ మిషనుకు పోవాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఇరవై నాలుగు గంటలూ పని. దాని సంతానమే ఈ నాటి 'ఫ్లెక్సిబుల్ మాన్యుఫాక్చరింగ్ సిస్టం'. ఏ పనికైనా ఒదిగే కార్ఖానా అన్నమాట.

యంత్రాలు ఒదుగుతాయి సరే. ఏది ముందు, ఏది వెనక అని ఎవరు చెప్పాలి?

ఇది చిన్న ప్రశ్న అనుకోకండి. కాగితం తీసి నేను ఆ కుర్రవాడికి ఒక లెక్క వేసి చూపించాను, మీరూ చూడండి. మూడు పనులున్నాయి. ప్రతిదీ ముందు లేతు మీదికి, తరవాత డ్రిల్లింగ్ మిషను మీదికి పోవాలి. మొదటి పనికి లేతు మీద 5 గంటలు, డ్రిల్లింగ్‌కు 2. రెండోదానికి 4, 3. మూడోదానికి 1, 6. వచ్చిన వరసనే చేసుకుపోతే మొత్తం 18 గంటలు పడుతుంది. తలకిందులు చేసి మూడోది ముందు, తరవాత రెండోది, చివర మొదటిది చేస్తే 12 గంటల్లో అయిపోతుంది. అవే మిషన్లు, అదే మనుషులు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఆరు గంటలు మిగిలాయి.

దీనికి సూత్రం కనిపెట్టినవాడు సెల్మర్ జాన్సన్, 1954లో. అన్ని అంకెల్లోకీ చిన్నదాన్ని వెతకండి. అది మొదటి మిషను కింద వుంటే ఆ పనిని అందరికన్నా ముందు పెట్టండి, రెండో మిషను కింద వుంటే అందరికన్నా వెనక పెట్టండి. మిగిలినవాటికీ అదే పద్ధతి. చంటిపిల్లవాడు కూడా చెయ్యగలడు.

అయితే ఇది రెండు మిషన్ల సుఖం. మూడో మిషను వచ్చిందో, ఈ సూత్రం పనిచెయ్యదు. ఇటువంటి తేలిక దారి మరొకటి దొరకడం కూడా కష్టమేనని 1976లో గణితవేత్తలు తేల్చారు. పది పనులను ఒక్క మిషను ముందు నిలబెట్టడానికే 36,28,800 వరసలున్నాయి. 1963లో ఫిషర్, థాంప్సన్ అనే ఇద్దరు పది పనులు, పది మిషన్లు ఇచ్చి, అన్నిటికన్నా తక్కువ కాలం ఎంతో చెప్పమని ఒక లెక్క అచ్చువేశారు. జవాబు 930. ఇంతకన్నా తగ్గదని రుజువు చెయ్యడానికి 1989 దాకా పట్టింది. కార్లియే, పిన్సన్ అనే ఇద్దరు చేశారు. పది పనులకే ఇరవై ఆరేళ్ళు! అందుచేత, ఏ కార్ఖానాలోనయినా వరస వేసేవాడు పరమోత్తమమైన వరస వేస్తున్నాడని అనుకోకూడదు. పనికివచ్చే వరస వేస్తే చాలు.

ఇదంతా విని కుర్రవాడు తల అడ్డంగా తిప్పాడు. "అది ఆలస్యం సంగతి సార్. మాది ఆలస్యం కాదు. నిలిచిపోవుడు."

అప్పుడు అసలు సంగతి చెప్పించాను. వాళ్ళ కార్ఖానాలో పళ్ళాలు మోసే బండి ఒకటి తనంతట తానే తిరుగుతూ వుంటుంది. ఆ బండి ఒక పళ్ళెం ఎత్తుకుని మిషను దగ్గరికి వచ్చింది. మిషను మీద అప్పటికే పని పూర్తయిన పళ్ళెం ఒకటి వుంది. దాన్ని దింపాలంటే బండి ఖాళీగా వుండాలి. బండి ఖాళీ కావాలంటే మిషను ఖాళీగా వుండాలి. పోనీ, పక్కన దించుదామా అంటే, పళ్ళాలు పెట్టుకునే చోట్లన్నీ నిండి వున్నాయి. బండి మిషనును చూస్తోంది, మిషను బండిని చూస్తోంది. మూడు గంటలు అలా చూసుకున్నాయి.

తాత పకపకా నవ్వాడు. "దీనికి ఇంత సదువు సదవాల్నా బిడ్డా? లూపు నింపిన్రు మీరు."

లూపంటే ఏమిటో ఆయన మాటల్లోనే చెబితే బాగుండును గాని, నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను. ఆ రోజుల్లో బావి లోపల లెవెల్లో ఒకే జత పట్టాలు వుండేవి. నిండు టబ్బులు ఇటు రావాలి, ఖాళీ టబ్బులు అటు పోవాలి. నడుమ ఒకచోట పట్టాలు రెండుగా చీలి మళ్ళీ కలుస్తాయి. అదే లూపు. ఒక వరస అందులో ఒదిగి నిలబడితే రెండోది దాటిపోతుంది. ఆత్రం కొద్దీ లూపులో కూడా నిండు టబ్బులు పేర్చారో, ఎదురుగా ఖాళీలు వస్తాయి, ఇక ఎవరూ ఎటూ కదలలేరు. ఒక్కొక్క టబ్బు సుమారు టన్ను బొగ్గు. వెనక్కి నెట్టాలంటే ట్రామర్ల నడుములు విరగాలి.

"నింపినోళ్ళ తప్పు గాదు సారూ," అన్నాడు తాత. "టబ్బు లెక్కన కూలి. ఎన్ని టబ్బులు నింపితే అన్ని పైసలు. ఖాళీ టబ్బు దొరికితే ఇడిసిపెడ్తరా? గుంజుకపోయి దాచుకుందురు. ఇటు వాళ్ళకాడ పది ఖాళీలుంటే, అటు వాళ్ళు చేతులు కట్టుకొని కూసుందురు. పొద్దంత బాయిల దిగి, వుత్త చేతులతోని ఎక్కుడంటే ఎట్లుంటది?"

ఆయన మాట నాకు తగిలింది. టబ్బుల పంపకం అంటే యంత్రాల పంపకం కాదు, ఆ నాటి సాయంత్రం ఎవరింట్లో ఎంత వండుతారన్న పంపకం. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నది మొదలు నేటి వరకూ ఈ గోదావరి లోయలో పనిముట్లు ఎన్నో మారాయి. పంచుకోవడంలో వున్న చిక్కు మాత్రం మారలేదు. ఓపెన్‌కాస్టులో చూడండి. షావెల్ ఒక డంపరును మూడు నిమిషాల్లో నింపుతుందనుకుందాం. డంపరు నిండి, పోయి, దింపి, తిరిగి రావడానికి అంతా కలిపి పద్దెనిమిది నిమిషాలు. ఆరు డంపర్లు చాలు. ఏడోది తెచ్చినా షావెల్ ముందు నిలబడి డీజిలు కాల్చడమే గాని ఒక్క తట్టెడు బొగ్గు అదనంగా రాదు. ఆ ఏడోది మరొక షావెల్ దగ్గర కావలసినదై వుంటుంది.

ఇక్కడ నా సొంత తప్పొకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నస్పూరు రాకముందు, వేరే జిల్లాలో ఒక మరమ్మతు షెడ్డుకు నేను చార్జిహ్యాండును. ఏ మిషనూ ఒక్క పూట ఖాళీగా వుండకూడదని నా పట్టుదల. వచ్చిన పనల్లా ఒప్పుకుని వెంటనే మిషను ఎక్కించేవాణ్ణి. ఒక వేసవిలో లేతు మీద ఒక క్రషరు రోలరు సగం తిరిగి ఆగింది. దానికి తొడగవలసిన బుష్షుకు మిల్లింగ్ మిషను మీద గాడి కొయ్యాలి. మిల్లింగ్ మిషను మీద ఒక పెద్ద గేరు, సగం పళ్ళు పడి, పట్టుకునే ఇరుసు అరిగి ఆగింది. కొత్త ఇరుసు లేతు మీద తిప్పాలి. ఇది దింపితే సెంటరు పోతుంది, అది దింపితే అమరిక పోతుంది. మళ్ళీ బిగించాలంటే చెరొక పూట పని. ఏదీ దింపడానికి నాకు మనసొప్పలేదు. ఏదో దారి దొరక్కపోతుందా అని చూస్తూ కూర్చున్నాను.

సరిగ్గా ఆ రోజే ఒక రైతు పంపు షాఫ్టు పట్టుకుని వచ్చాడు. లేతు మీద రెండు గంటల పని. వరి పొట్ట మీద వుందన్నాడు. "రేపు చూద్దాం" అన్నాను. నాలుగు రోజులు 'రేపు' అన్నాను. ఆయన గుమ్మం పక్క బెంచీ మీద కూర్చునే వున్నాడు. నాలుగో రోజు నేను గేరు దింపించాను. ఆ దింపేదేదో మొదటి రోజే దింపితే పోయేది ఒక పూట. షాఫ్టు అందాక ఆయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగెకరాల్లో రెండెకరాలు అప్పటికే ఎండిపోయాయని తరవాత తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ నెల రిజిస్టరులో మాత్రం నా మిషన్లు ఒక్క పూట కూడా ఖాళీ లేవు.

ఇటువంటి పీటముడి ఎలా పడుతుందో 1971లో కాఫ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి కంప్యూటర్ల గురించి రాస్తూ నాలుగు ముక్కల్లో చెప్పారు. ఒక వస్తువు ఒకరికే పనికి రావాలి. చేతిలోది వదలకుండా ఇంకొకదానికోసం కాచుకోవాలి. బలవంతాన లాక్కునే వీలు వుండకూడదు. ఇలా ఎదురుచూసేవాళ్ళు గుండ్రంగా చేరాలి. ఈ నాలుగూ కలిస్తేనే ముడి. ఏ ఒక్కటి లేకపోయినా ముడి పడదు. నేను గేరు దింపించడం మూడోదాన్ని తెంచడమే, మూడు రోజులు ఆలస్యంగా.

ఇక కార్ఖానాల సంగతి. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విశ్వనాధం, నరహరి గార్లు, టి. ఎల్. జాన్సన్ అనే ఆయన కలిసి 1990లో ఈ పీటముడి మీదనే ఒక వ్యాసం ప్రకటించారు. ఈ జాన్సన్ 1954 నాటి జాన్సన్ కాడు. 1962లో పెట్రీ అనే జర్మను పండితుడు కల్పించిన బొమ్మల లెక్కతో వాళ్ళు రెండు మార్గాలు చూపారు. ముడి పడనే పడకుండా ముందుగానే కట్టడి చెయ్యడం ఒకటి. ప్రతి అడుగుకూ ముందు నాలుగడుగులు చూసుకుని, ముడి వైపు పోయే అడుగును ఆపడం రెండోది. బండి, మిషను, పళ్ళెం, ఇవే వాళ్ళ వుదాహరణలు.

ఇది చెప్పగానే కుర్రవాడి ముఖం విప్పారింది. "అంటే సార్, లైన్లకు పోయే పళ్ళాలు తగ్గించి, ఒక చోటు ఎప్పుడూ ఖాళీ వుంచితే చాలునా?"

"మీ లైను అమరికను బట్టి ఎన్ని పళ్ళాలో లెక్క వెయ్యాలి. ఒక చోటు చాలుతుందో, రెండు కావాలో చూసుకోవాలి. దారి మాత్రం అదే."

"మా పెద్దసారు ఒప్పుకోడు. ఖాళీ చోటు కనబడితే, ఎందుకు ఖాళీ వుందంటడు."

తాత అందుకున్నాడు. "లూపు ఖాళీ వుంటేనే బండి పోతదని చెప్పు. అప్పటికీ ఇనకపోతే నా దగ్గరికి తోలుకరా."

పండగ వెళ్ళాక కుర్రవాడు వెళ్ళిపోయాడు. కాగితం రాసి ఇచ్చాడట. వారం రోజులు రెండు పళ్ళాలు తగ్గించి చూడటానికి ఒప్పుకున్నారట. ఫలితం ఇంకా తెలియలేదు. తెలిస్తే చెబుతాను.

ఆ రాత్రి నేను వంటింట్లోకి పోయి చూద్దును గదా, మూడు పొయ్యిల స్టవ్వు మీద రెండే వెలుగుతున్నాయి. పప్పు ఒకదాని మీద, అన్నం ఒకదాని మీద. అలవాటు చొప్పున, "ఆ మూడోది ఖాళీగా వుందేం?" అన్నాను.

"పాలు పొంగితే ఎక్కడ దించమన్నారు, మీ నెత్తి మీదా?" అంది మా ఆవిడ.